పాత జీతం అడిగే హక్కు కంపెనీకి ఎందుకు?

హైటెక్ సిటీలో ఉద్యోగం మారే ఇంజినీరుకు ఇంటర్వ్యూ రౌండ్లన్నీ పూర్తయ్యాక హెచ్‌ఆర్ నుంచి వచ్చే తొలి ప్రశ్న ‘ప్రస్తుత సీటీసీ (ఏడాదికి కంపెనీ ఇచ్చే మొత్తం జీతభత్యాలు) ఎంత?’ అన్నదే. మూడు నెలల పేస్లిప్పులు పంపమంటారు, వాటి మీద ఇంత శాతం పెంపు అని లెక్కగట్టి ఆఫర్ లెటర్ ఇస్తారు. ఐటీ రంగంలో స్త్రీల పట్ల వివక్షను ఒక ఉద్యోగం నుంచి మరో ఉద్యోగానికి మోసుకుపోతున్నది ఈ పద్ధతే.

2017 చట్ట సవరణ 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు ఇచ్చింది. అయితే సెలవు తీసుకున్న ఏడాది అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిస్తే ఆ లోటు పేస్లిప్పులోకి చేరుతుంది, తర్వాతి కంపెనీ ఆ తగ్గిన జీతం మీదే పెంపు ఇస్తుంది. పక్క సీట్లో అదే స్థాయి కోడ్ రాసే సహోద్యోగికి ఇచ్చిన శాతమే ఆమెకూ ఇచ్చినా, ఇద్దరి మధ్య రూపాయల తేడా ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. కొత్త మేనేజరు ఎంత నిష్పక్షపాతి అయినా ఆ లోటు పూడదు.

కాలిఫోర్నియా 2018 జనవరి నుంచి అభ్యర్థులను పాత జీతం అడగడాన్ని నిషేధించింది. అక్కడే సుమారు 15,500 మంది స్త్రీల తరఫున సాగిన వేతన వివక్ష దావాను గూగుల్ 2022లో, తప్పు ఒప్పుకోకుండానే, 11.8 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది.

స్త్రీలు గట్టిగా బేరమాడరని, జీతాన్ని మార్కెట్టే నిర్ణయిస్తుందని కంపెనీలు వాదిస్తాయి. ప్రతి పోస్టుకూ బడ్జెట్ ముందే ఖరారు చేసుకున్న సంస్థ, ఆ అంకెను దాచిపెట్టి అభ్యర్థి అంకె మాత్రం చెప్పమనడం ఏ మార్కెట్ న్యాయం?

సమాన పనికి సమాన వేతనం 1976 నుంచి మన చట్టంలో ఉంది. జీతాలు రహస్యమైన చోట దాన్ని నిరూపించేదెలా? స్త్రీ పురుషుల మధ్యస్థ వేతనాలు వెల్లడించాలన్న స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెద్ద లిస్టెడ్ కంపెనీలకే పరిమితం కాగా, హైదరాబాద్‌లో వేలమందికి పని ఇస్తున్న విదేశీ సంస్థల సొంత కేంద్రాలు దాని పరిధిలోకే రావు. ఇక్కడ అడగాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలను. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ప్రజల భూమి అంత చవకగా ఇచ్చే ప్రభుత్వాలు, ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న దగ్గరే ఆగిపోకూడదు. రాయితీ పొందే ప్రతి సంస్థా ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి ప్రకటించాలని, పాత పేస్లిప్పు అడగరాదని, హోదాలవారీగా స్త్రీ పురుషుల వేతనాలను ఏటా బయటపెట్టాలని భూ కేటాయింపు ఒప్పందంలోనే రాయించాలి.