147వ పిట్ట

నిన్న సాయంత్రం జరిగిందిది. చెవులింకా వేడిగానే ఉన్నాయి కాబట్టి మొదలూ చివరా గబగబా చెప్పేస్తాను.

చూసిన పిట్టనల్లా రాసిపెట్టుకునే జబ్బు ఒకటుంది నాకు. మొత్తం జీవితానికో లిస్టు, ఈ ఏడాదికో లిస్టు, బాల్కనీకో లిస్టు. లోకంలో పక్షి జాతులు దాదాపు 11,000. ఫీబీ స్నెట్‌సింగర్ అనే ఆవిడ 1999లో పోయేనాటికి 8,000కి పైగా చూసేసింది. నా స్కోరు 146. అందులో కాకీ ఉంది, పిచ్చుకా ఉంది, "డేగే అయ్యుంటుందిలే" అని రాసుకున్న గద్ద కూడా ఒకటుంది.

పోయిన వారం పొద్దున్నే పై అంతస్తు వైపు నుంచి ఏదో పిట్ట గమకాలు పోయింది. కూత విని పేరు చెప్పే యాప్ తెరిస్తే నైటింగేల్ అంది. (కొందరు దీన్ని బుల్బుల్ అంటారు. బుల్బుల్ అంటే పికిలిపిట్ట. అది వేరే కుటుంబం.) యూరప్‌లో గూడు కట్టి, చలికాలానికి ఆఫ్రికా వెళ్లే పిట్టకి మా మెట్ల దగ్గర పనేమిటని యాప్ అడగలేదు, నేనూ అడగలేదు. పిట్టల లిస్టులు పెట్టుకునే సైట్‌లో వెంటనే ఎక్కించేశాను. 147.

మర్నాడే ఆ సైట్‌లో రికార్డులు సరిచూసే పెద్దమనిషి నుంచి మెసేజ్. "పిట్టని చూశారా? ఎంత దూరంలో? వెలుతురు ఎలా ఉంది? ఇలాంటి వేరే పిట్ట కాదని ఎలా తేల్చారు?" ఈయనే కిందటేడాది నా డేగని గద్ద చేసింది. జీతం లేకుండా చేస్తున్నారట, సంతోషం. కానీ ఆ ప్రశ్నలు చూస్తే పిట్టని నేనేదో దొంగిలించినట్టుంది.

పట్టుదల వచ్చింది. పద్నాలుగు సెకన్ల ఆడియో పంపాను. దాంతోపాటు నోట్సు కూడా: "రోజుకి ఐదారుసార్లు కూస్తుంది. సాయంత్రం ఏడు దాటాక ఎక్కువ. ఆదివారం మరీ ఎక్కువ. తలుపు చప్పుడు కాగానే ఆపేస్తుంది, మనిషంటే బెదురు. ఒక్కోసారి వెంటవెంటనే రెండుసార్లు కూస్తుంది, జంట ఉన్నట్టుంది." ఇదంతా రాసిన చెయ్యి నాదే. అనుమానం రాని బుర్రా నాదే.

ఇక మిగిలింది ఫోటో.

నిన్న ఆరున్నరకే మూడో అంతస్తు మెట్ల మలుపులో కూర్చున్నాను. మెడలో బైనాక్యులర్, ఒళ్లో కెమెరా, ఒంటిమీద ఆకుపచ్చ చొక్కా. ఆకుపచ్చ వేసుకుంటే పిట్ట మనల్ని చెట్టనుకుంటుందని ఎక్కడో చదివాను. మెట్ల మీద చెట్టెందుకుంటుందని పిట్ట అనుకోదా అన్నది అప్పుడు తట్టలేదు. వెంటిలేటర్ మీద కళ్లు పెట్టి, ఊపిరి కూడా వాయిదాల మీద తీస్తున్నాను. మోకాళ్లు తిమ్మిరెక్కాయి. దోమ చెవిలో దూరినా చెయ్యెత్తలేదు. అంత నిష్ఠ.

అప్పుడొచ్చాడు కొరియర్ కుర్రాడు, బూట్లు టకటకలాడిస్తూ. నేను పెదాల మీద వేలు పెట్టి "ష్" అన్నాను. కళ్లతోనే వెంటిలేటర్ చూపించాను. పాపం, మంచి కుర్రాడు. ఏమీ అడగలేదు. బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నా పక్కనుంచి దాటాడు. పార్సిల్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని తలుపు దాకా వెళ్లాడు. వెనక్కి తిరిగి, "నొక్కనా?" అని సైగ చేశాడు. నేనేదో మహారాజులా తలూపాను.

నొక్కాడు. నైటింగేల్ పాడింది.

నా పిట్ట గుమ్మం పక్కన, గోడ మీద ఉంది. తెల్లగా, పలకగా, సబ్బుపెట్టెంత ఉంది. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమాల ప్రకారం గొంతు విన్నా లిస్టులో రాసుకోవచ్చు. కాకపోతే పక్షి బతికుండాలి, పెంపుడుది కాకూడదు, బందీగా ఉండకూడదు. ఇది రెండు పెన్సిల్ సెల్స్ మీద బతుకుతోంది, రెండు స్క్రూలతో గోడకి బిగించి ఉంది. కుర్రాడు మళ్లీ నొక్కాడు. అదీ జంట.

తలుపు తెరిచిన ఆవిడ పార్సిల్ తీసుకుని, బైనాక్యులర్ వైపు చూసి, "మీకెవరు కావాలండీ?" అంది. ఏం చెప్పానో గుర్తులేదు. తిమ్మిరెక్కిన కాళ్లతో మెట్లు దిగడం మాత్రం గుర్తుంది.

ఆయన కంటే ముందే రికార్డు తీసేద్దామని ఫోన్ తెరిచాను. మెసేజ్ వచ్చేసింది.

"ఆడియోకి ధన్యవాదాలు. తొమ్మిదో సెకను దగ్గర 'ఆ, వస్తున్నా' అని వినిపిస్తోంది. అది కూడా అదే పక్షిదా?"

మళ్లీ 146కి వచ్చాను, సరే. కానీ దాని కింద రెండు నవ్వు బొమ్మలు పెట్టాల్సిన అవసరమేమొచ్చింది ఆయనకి?