కోల్డ్ ఫీట్ అట!

ఈ ఆదివారం మా అక్క కూతురి నిశ్చితార్థం. పొద్దున్న ఏడింటికి అబ్బాయి వాళ్ళ బాబాయి ఫోన్. "ఏమీ అనుకోకండి, మావాడికి కొంచెం కోల్డ్ ఫీట్ వచ్చింది" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "అయ్యో, కాళ్ళు చల్లబడ్డాయా! ఆస్పత్రికి తీసుకెళ్ళారా?" అంది.

నవ్వకండి. మన ఇళ్ళల్లో కాళ్ళు చల్లబడ్డాయంటే తులసి తీర్థం తెమ్మంటారు. ఇంగ్లీషులో మాత్రం, ఒప్పుకున్న పనికి తీరా టైమొచ్చాక భయపడి వెనక్కి తగ్గడమట. 1890ల నాటి అమెరికా రాతల్లోనే ఉందీ మాట. భయపడితే పాదాల్లో రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళు నిజంగానే చల్లబడతాయి, కాదనను. మరి ఐదు నెలలుగా రాత్రి పన్నెండు దాకా వీడియో కాల్స్ మాట్లాడినప్పుడు, ఉంగరం సైజు అడిగినప్పుడు, ఈ పాదాలు వెచ్చగానే ఉన్నాయే!

జంకాడు, గుండె జారింది, ముచ్చెమటలు పట్టాయి, గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి... మనకేం మాటలు తక్కువా? (ఆ రైళ్ళ మాటా మరీ తాతలనాటిదేం కాదులెండి, మద్రాసు రాయపురం నుంచి దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు కదిలిందే 1856లో.) కానీ వీటిల్లో ఏది వాడినా మావాడు పిరికివాడని ఒప్పుకున్నట్టే. కోల్డ్ ఫీట్ అయితే జలుబు లాంటిది. వచ్చింది, వాడేం చేస్తాడు పాపం!

అదే మా పిల్ల వద్దనుంటే? పొగరు అనేవాళ్ళు. ఎవడో ఉన్నాడు అనేవాళ్ళు. ఆడపిల్లకి కోల్డ్ ఫీట్ వచ్చిందని ఈ జన్మలో ఎవరైనా అనగా విన్నారా?

అసలు ఈ బాబాయిని పెళ్ళిచూపుల రోజే పసిగట్టాల్సింది. మా బావ మాటల్లో 'వెడ్నెస్‌డే' అంటే, నలుగురిలో "వెన్స్‌డే అండీ" అని దిద్దాడు. ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు మా బావ. మళ్ళీ నోరు విప్పలేదు. జంతిక ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాడు, ఒక్కటీ తినలేదు.

ఫంక్షన్ హాల్ వాడు అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు. వంటవాళ్ళకి నేనే చెప్పాలి. ఇంతసేపటికి వెలిగింది నాకు, ఆ ఫోన్‌లో అనాల్సిన మాట: ఫీట్ బహువచనం, 'వచ్చాయి' అనాలి బాబాయిగారూ!