వికెట్లు అందరూ లెక్కపెడతారు, బంతులు ఎవరు లెక్కపెట్టాలి?

పోయిన వేసవిలో ఒక సోమవారం పొద్దున మా మేనల్లుడు వంగి బూట్ల లేసు కట్టుకోలేకపోయాడు. వాడికి పదిహేనేళ్లు. అనంతపురం చుట్టుపక్కల ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లల్లో కాస్త పేరుంది. ఆదివారం పొద్దున ఒక టోర్నమెంట్, సాయంత్రం ఇంకో ఊళ్లో ఇంకో మ్యాచ్, వారం మధ్యలో అకాడమీ నెట్స్. స్కాన్ తీస్తే నడుం కింది ఎముకలో సన్నటి చీలిక కనిపించింది. డాక్టర్ ఒకటే అడిగారు: "ఈ నెలలో ఎన్ని బంతులు వేశావు నాయనా?" వాడు నా వైపు చూశాడు. నేను కోచ్‌కు ఫోన్ చేశాను. వికెట్లెన్నో ముగ్గురమూ చెప్పగలం. బంతులెన్నో ఎవరికీ తెలియదు.

ఆ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే బేస్‌బాల్ దగ్గర తేలాను. బంతుల లెక్కను ప్రాణంగా చూసుకునే ఆట అది. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడాలి. అంటే దాదాపు రోజూ ఆటే. మన బౌలర్ లాంటివాడు అక్కడ పిచ్చర్. మోచెయ్యి వంచి విసురుతాడు కాబట్టి, మన ఫాస్ట్ బౌలర్‌కు నడుం ఎలా దెబ్బతింటుందో, అతనికి మోచేతి లోపలి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, అలా దెబ్బతింటుంది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్, టామీ జాన్ అనే పిచ్చర్‌కు తెగిన ఆ లిగమెంట్ స్థానంలో వేరేచోటి స్నాయువు తెచ్చి కట్టారు. ఆపరేషన్‌కు ఆ ఆటగాడి పేరే నిలిచిపోయింది. అది జరిగితే పిచ్చర్ మళ్లీ మ్యాచ్ ఆడటానికి ఏడాది పైనే పడుతుంది. అందుకే జట్లు ఐదారుగురిని వంతులవారీగా దింపుతాయి. ఒక మ్యాచ్‌లో విసిరిన బంతులు వందకు దగ్గరపడ్డాయంటే మేనేజర్‌కు టెన్షన్ మొదలవుతుంది. జపాన్‌లోనైతే స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్, వంతు సాధారణంగా వారానికి ఒక్కసారే.

పిచ్చర్‌గానూ, బ్యాటర్‌గానూ ఆడే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ సంగతే చూడండి. 2018లో ఒకసారి, 2023లో మరోసారి మోచేతికి ఆపరేషన్ అయింది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అతనితో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంత పెట్టినవాళ్లు 2024 మొత్తం అతనితో మ్యాచ్‌లో ఒక్క బంతీ విసిరించలేదు, బ్యాటింగ్ మాత్రమే చేయించారు. 2025 జూన్ 16న మళ్లీ బంతి చేతికిచ్చారు, అదీ ఒక్క ఇన్నింగ్స్‌కు. అక్కడ ఇన్నింగ్స్ అంటే ముగ్గురిని అవుట్ చేయడమే. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయారు. సీజన్ మొత్తానికి 14 మ్యాచ్‌లు, 47 ఇన్నింగ్స్. అక్టోబర్ 17న లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో (మన సెమీఫైనల్ లాంటిది) అతను పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతులతోనే అవుట్ చేశాడు. అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడు. జూన్‌లో ఒక్క ఇన్నింగ్స్‌తో ఆగారు కాబట్టే అక్టోబర్‌కు ఆ చెయ్యి మిగిలిందని నా నమ్మకం.

మన జిల్లాలో ఇది ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కొత్త బోరులో నీళ్లు బాగా పడ్డాయని రాత్రీపగలూ మోటార్ ఆడించిన చీనీ (బత్తాయి) తోటలు ఏమయ్యాయో చూశాం. ఊట ఊరడానికి టైమివ్వాలి. ఎముకకూ, లిగమెంట్‌కూ అంతే.

అలాగని లెక్క ఒక్కటే కాపాడుతుందని నేననను. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే పిచ్చర్‌కు 2010లో ఇదే మోచేతి ఆపరేషన్ అయింది. 2012లో అతని జట్టు వాషింగ్టన్ నేషనల్స్ తన డివిజన్‌లో (లీగ్‌లోని గ్రూపులో) ముందుంది. అయినా ముందే అనుకున్న ప్రకారం, 159 ఇన్నింగ్స్ పూర్తయ్యాక సెప్టెంబర్‌లో అతన్ని ఆపేశారు. జట్టు ప్లేఆఫ్స్‌లో ఓడింది. స్టార్‌ను దాచుకుని కప్పు పోగొట్టుకున్నారని ఎంతమంది తిట్టారో. 2019లో అదే జట్టు ఛాంపియన్ అయింది, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఆ తర్వాత శరీరం మొరాయించింది, మూడు సీజన్లలో ఎనిమిది మ్యాచ్‌లే ఆడగలిగాడు. అయినా 2012లో ఆపడం సరైన పనే అంటాను. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి చెయ్యి ఒక్క అక్టోబర్ కోసం పణంగా పెట్టే వస్తువు కాదు.

లెక్క ఒక్కటే చాలకపోవడానికి కారణం వేగం. 2008లో మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ (పిచ్చర్ వేగంగా విసిరే బంతి) సగటు వేగం గంటకు 147 కిలోమీటర్ల దగ్గర ఉండేది, 2024కు 151 దాటింది. ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి విసరడమే గాయాలకు పెద్ద కారణాల్లో ఒకటని 2024 డిసెంబర్‌లో ఆ లీగ్ విడుదల చేసిన నివేదికే చెప్పింది. మన దగ్గర స్పీడ్ గన్ వచ్చిన రోజే నెట్స్‌లో పిల్లలు ఎలా ఊగిపోతారో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మన క్రికెట్‌లోనూ పై స్థాయిలో ఈ చర్చ బాగానే నడుస్తోంది. 2024-25 ఆస్ట్రేలియా సిరీస్‌లో బుమ్రా 32 వికెట్లు తీసి, సిడ్నీలో వెన్ను పట్టేసి ఆగిపోయాడు, ఛాంపియన్స్ ట్రోఫీకి దూరమయ్యాడు. ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పారు. అక్కడ మన హైదరాబాద్ సిరాజ్ ఐదూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, ఓవల్‌లో ఆరు పరుగులతో గెలిపించాడు. దాంతో "సిరాజ్ ఆడలేదా, వీళ్లకెందుకు విశ్రాంతి" అన్నారు చాలామంది. ఆ మాట నాకు నచ్చలేదు. ఒక శరీరం తట్టుకుందని ఇంకో శరీరం తట్టుకోవాలని ఏముంది? పైగా సిరాజ్ వెనుక ఫిజియోలు, ట్రైనర్లు ఉన్నారు. మా వాడి వెనుక నేను, నా బైకు ఉన్నాం.

అమెరికాలో 15, 16 ఏళ్ల పిచ్చర్లకు రోజుకు 95 బంతులకు మించకూడదని, 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని మార్గదర్శకాలున్నాయి. అంటే స్టార్ కాకముందే లెక్క మొదలవుతోంది. 2024 సెప్టెంబర్‌లో మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాక ఇక్కడి పిల్లల్లో ఆశ ఇంకా పెరిగింది. మంచిదే. కానీ ఆశపడే పిల్లవాడు నొప్పి అని నోరు తెరిచి చెప్పడు, చెబితే తర్వాతి మ్యాచ్‌లో తీసుకోరని భయం. కెప్టెన్ అడగడు, గెలవాలి. కోచ్‌కు ఆదివారం టోర్నమెంట్ సంగతే తెలియదు.

విచిత్రం ఏమిటంటే లెక్క ఇప్పటికే ఉంది. ప్రతి టోర్నమెంట్‌లో స్కోరర్ ప్రతి బంతీ రాస్తాడు. ఆ అంకె ఆ స్కోర్‌బుక్ దాటి బయటికి రాదు, నెట్స్‌లో వేసినవి అసలు ఎక్కడా ఎక్కవు. మా అక్క ఇప్పుడు వాడి కిట్‌బ్యాగ్‌లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టింది. తేదీ, ఎక్కడ, ఎన్ని బంతులు, మర్నాడు నడుం ఎలా ఉంది, ఈ నాలుగే. నిర్వాహకులను నేను అడిగేది కూడా అంతే. టాస్ ముందు జట్టు జాబితా ఇచ్చేటప్పుడు, పద్దెనిమిదేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్ పేరు పక్కన గత ఏడు రోజుల్లో వేసిన బంతుల సంఖ్య రాయించండి. దానికి స్టేడియం అక్కర్లేదు, ఫిజియో అక్కర్లేదు, జాబితాలో ఇంకో గడి గీస్తే చాలు.