కుప్పతొట్టిలోని ఆస్తిహక్కు

మూడు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీకి యజమాని ఎవరన్న ప్రశ్నను మన న్యాయకోవిదులు ఇంతకాలం చిన్నచూపు చూడడం విచారకరం. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అటువంటి కుర్చీనొకదాన్ని వీధి కుప్పతొట్టిలోంచి పైకి లాగుతున్న ఒక ముసలామెను, ముందురోజు రాత్రి దాన్ని స్వహస్తాలతో అందులో పడేసిన పెద్దమనిషి బాల్కనీలోంచే "ఏమ్మా, ఎవుర్నడిగి తీసుకుంటుండావు?" అని నిలదీశారు. "మీరు పారేసిందే గదయ్యా" అన్న ఆమె జవాబులో పస లేదని చుట్టుపక్కల బాల్కనీలన్నీ ఏకగ్రీవంగా తీర్మానించాయి.

చట్టం మాత్రం, పాపం, బాల్కనీల స్థాయికి ఇంకా ఎదగలేదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనం కావాలంటే వస్తువు ఎవరో ఒకరి స్వాధీనంలో ఉండాలి, వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో దాన్ని కదిలించాలి. తొట్టి గేటు లోపల ఉంటే అక్రమ ప్రవేశమనైనా అనవచ్చు. ఇది నడివీధిలో ఉంది. తొట్టిలో పడ్డాక కుర్చీ కార్పొరేషన్‌దని వాదించే వకీలు దొరకవచ్చునేమో గాని, పెద్దమనిషిదని వాదించడం కష్టం. పైగా 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్త ఏరుకునేవారిని ఈ వ్యవస్థలో కలుపుకోమని స్థానిక సంస్థలకు చెప్పి, తడి, పొడి, ప్రమాదకర చెత్తలను వేరుచేసే బాధ్యతను ఇంటివారి నెత్తిన పెట్టాయి. పులిసిన సాంబారన్నం, పగిలిన ట్యూబ్‌లైటు, కుర్చీ అన్నీ ఒకే సంచీతో కుమ్మరించిన వారు చట్టాన్ని కాపాడుతున్నారు; గాజుపెంకుల మధ్య ఉత్త చేతులు పెట్టి వాటిని వేరుచేస్తున్న ఆమె అతిక్రమిస్తోంది.

2021లో చెత్త పన్ను వేసినప్పుడు చెత్త ఎత్తడానికి డబ్బులేమిటని మండిపడి, 2024లో దాని రద్దు నిర్ణయం వెలువడ్డాక ఊపిరి పీల్చుకున్న మనం, అదే పని ఉచితంగా చేసే మనిషిని దొంగ అనడంలో వైరుధ్యం చూడడం సంస్కారం కాదు. కుర్చీ విలువ దాన్ని పారేసినప్పుడు తెలియదు, ఇంకొకరు పాతసామాన్ల కొట్టులో కాటాకు పెడతారని తెలిసినప్పుడే తెలుస్తుంది.

కనుక నా ప్రతిపాదన: ఇకపై ప్రతి గృహస్థుడూ తాను పారేసే ప్రతి వస్తువుకూ వంద రూపాయల స్టాంపు పేపరు మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో, త్యాగపత్రం రాసి తొట్టికి అంటించాలి. అది అమలయ్యేలోగా అదే తొట్టిలో పట్టపగలు మూతులు పెడుతున్న పందుల మీద కూడా కేసులు నమోదు చేయాలి. వాటికి ఎవరు అనుమతి ఇచ్చారో అడిగే బాల్కనీ ఇంతవరకు ఒక్కటీ లేదు.