గైనిక్ ఓపీలోకి మగవాళ్లు రాకూడదు

ట్రాన్స్ పురుషులకు, అంటే ఆడపిల్లగా పుట్టినా తాము మగవాళ్లమని బతికేవాళ్లకు, మన ఆసుపత్రుల్లో సరైన సేవ అందడం లేదట! ఇంతకన్నా అభాండం ఉండదు. మామూలు మనిషి జ్వరంతో పోతే పలకరించే దిక్కుండదు. అదే గడ్డం ఉన్నాయన చీటీ మీద ఆడపేరు కనబడిందా, సిస్టర్ వస్తుంది, ఆవిడ వెనక ఆయా, వార్డు బాయ్, పక్క వార్డు ట్రైనీలు కూడా వస్తారు. రానిదల్లా థర్మామీటరే.

"ఆపరేషన్ అయిందా? ఇంట్లో ఒప్పుకున్నారా?" అని హాలంతా వినబడేలా అడుగుతారు. మంచం పక్కన కర్టెన్ ఉంది, నిజమే. లాగితే వెనక నిలబడ్డవాళ్లకు ఎలా కనబడుతుంది?

ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు అంది. వైద్య పాఠ్యాంశాలు సమీక్షించాలని 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 15వ సెక్షన్ అంది. అంటాయి, వాటికేం? రిజిస్టర్‌లో స్కేలు పెట్టి గళ్లు గీసేది అవి కాదు కదా.

ఇక గుర్తింపు కార్డులో 'పురుషుడు' అని మార్పించుకున్నవాళ్ల సంగతి. గర్భాశయం తీయించుకోనివాళ్లు ముఖద్వార క్యాన్సర్‌కి పాప్ పరీక్ష చేయించుకోవాల్సిందే. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వాడేవాళ్లకు లోపల పొడిబారి నొప్పి ఎక్కువ, లోపల చూసే పరికరం స్పెక్యులమ్‌లో చిన్నది తీసుకుని మెల్లగా చూడాలి. ఒక్కోసారి శాంపిల్ సరిగ్గా రాక మళ్లీ తీయాలి. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదన్న భరోసా లేదని కూడా చెప్పాలి. ఇవన్నీ చెప్పేది గైనిక్ ఓపీలో. దాని గుమ్మంలో సెక్యూరిటీ ఆయన కర్ర అడ్డం పెట్టి "మగాళ్లు బయట" అంటాడు. పాపం, ఆయన డ్యూటీ ఆయన చేస్తున్నాడు. కార్డు చదవడం రాని క్యాన్సర్‌దే తప్పంతా.

ల్యాబ్ కంప్యూటర్ ఇంకా నిష్ఠాగరిష్ఠం. టెస్టోస్టిరాన్‌తో హెమోగ్లోబిన్ పెరుగుతుంది. కంప్యూటర్ మాత్రం చీటీలో 'స్త్రీ' అని చూసి, మగవాళ్లలో మామూలుగా ఉండే అంకెను కూడా ఎర్రగా అచ్చేస్తుంది.

అయితే ఈ క్రమశిక్షణ చెడగొట్టేవాళ్లూ లేకపోలేదు. ఒక నైట్ డ్యూటీ సిస్టర్ గురించి విన్నాను. ముందు కర్టెన్ లాగిందట. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు సార్?" అని అడిగి ఆ పేరు కేస్ షీట్ పైన రాసుకుందట. ఆయాసంగా ఉందంటే, ఛాతీ చదునుగా కనబడేలా బిగించుకున్న పట్టీ, బైండర్, ఆయన్నే వదులు చేసుకోమని అటు తిరిగి నిలబడిందట. తర్వాత బీపీ చూసిందట. అంతే! ఇంకేమీ అడగలేదు.

ఆవిడకి వెంటనే మెమో ఇవ్వాలి. పక్క మంచాల వాళ్లకు కాలక్షేపం లేకుండా చేసినందుకు ఇంకోటి.