రాబిన్సన్ వేసిన బాట

ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాల పాటు సాగే సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్ 2027లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో నుంచి మొదలవుతుంది. అదే ఏడాది మహిళల టూర్‌కు ఇంగ్లండ్‌లోని లీడ్స్ తొలి మజిలీ. 2012 నుంచి 2018 దాకా జరిగిన ఏడు టూర్లలో ఆరింటిని బ్రిటిష్ రైడర్లు విగ్గిన్స్, ఫ్రూమ్, థామస్ గెలుచుకున్నారు. ఇదంతా చూసినవారికి బ్రిటన్ ఈ ఆటలో మొదటి నుంచీ పెద్ద దేశమేనేమో అనిపిస్తుంది. నిజానికి 1955కు ముందు ఒక్క బ్రిటిష్ రైడర్ కూడా టూర్‌ను చివరిదాకా తొక్కలేదు. ఆ ఏడాది పూర్తి చేసినవారు ఇద్దరే. వారిలో ముందు వచ్చినవాడు 24 ఏళ్ల బ్రయన్ రాబిన్సన్. లీడ్స్‌కు దగ్గర్లో ఉన్న మిర్‌ఫీల్డ్ ఆయన ఊరు. టూర్ మళ్లీ ఆ గడ్డకు వస్తున్న వేళ రాబిన్సన్‌ను ‘టూర్ పూర్తి చేసిన తొలి బ్రిటిష్ రైడర్’ అనే ఒక్క మాటతో సరిపెట్టవద్దని మా విన్నపం. ఆయన కంటే ముందువాళ్లు ఎందుకు తొలివాళ్లు కాలేకపోయారో కూడా చెప్పాలి.

కారణం కాళ్లలో బలం లేకపోవడం కాదు. సొంత దేశంలో ఆట ఆడనివ్వకపోవడం. పందెపు సైకిళ్ల మీద పోలీసులకు, గుర్రపు బళ్లవాళ్లకు కోపం వస్తోందని, అసలు సైకిళ్లనే రోడ్ల మీద లేకుండా చేస్తారని 19వ శతాబ్దం చివర్లో అక్కడి నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్ భయపడింది. మామూలు రోడ్ల మీద అందరూ కలిసి బయల్దేరే పోటీలను తానే నిషేధించింది. మిగిలింది టైమ్ ట్రయల్. తెల్లవారుజామున, ఊరి బయట, ఒకరి వెనక ఒకరు, పోటీలా కనబడకుండా నల్లబట్టలు వేసుకుని తొక్కేవారు. ప్రభుత్వం చట్టం చేసి ఆపిన పని కాదిది. ఆటను కాపాడాల్సిన సంస్థే ఆటను కట్టేసింది. ఒకసారి పుట్టిన భయం యాభై ఏళ్లు అలాగే నిలిచిపోయింది.

టైమ్ ట్రయల్ ఒంటరి వాడి ఆట. గడియారంతో పోటీ. టూర్ అలా కాదు. వందమందికి పైగా గుంపులో భుజాలు రాసుకుంటూ తొక్కాలి, ముందున్నవాడి చాటున గాలి దెబ్బ తప్పించుకోవాలి, ఎవరు ఎప్పుడు విడివడి పారిపోతారో కనిపెట్టాలి. ఇవన్నీ పోటీల్లోనే వస్తాయి తప్ప పొద్దున్నే ఒంటరిగా తొక్కితే రావు. 1937లో చార్లెస్ హాలండ్, బిల్ బర్ల్ టూర్‌కు వెళ్లి మధ్యలోనే ఆగిపోయారంటే ఆశ్చర్యం లేదు.

ఈ కట్టడిని తెంచినవాడు పెర్సీ స్టాలార్డ్ అనే సైక్లిస్ట్. యుద్ధకాలంలో పెట్రోలు కరువై రోడ్లు ఖాళీగా ఉన్నాయి, ఇప్పుడైనా ఒప్పుకోండి అని అడిగితే యూనియన్ వద్దంది. 1942 జూన్ 7న ఆయన వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా పోటీ పెట్టేశాడు. పోలీసులు అడ్డుపడలేదు సరికదా, సాయం చేశారు. ప్రాణనష్టం లేదు, ఊళ్లు కూలిపోలేదు. అయినా యూనియన్ ఆయన మీద వేటు వేసింది. ఆ ఏడాదే యూనియన్‌కు పోటీగా, రోడ్డు పందేల కోసం కొత్త లీగ్ పుట్టింది. రెండు సంస్థల గొడవ, అవి 1959లో విలీనమయ్యేదాకా సాగింది. రాబిన్సన్ కెరీర్‌లో సగానికి పైగా ఈ గొడవ నీడలోనే గడిచింది.

ఇళ్లు కట్టే వ్యాపారం ఉన్న కుటుంబం ఆయనది. హడర్స్‌ఫీల్డ్ రోడ్ క్లబ్‌లో చిన్నప్పుడే చేరినా, 18 ఏళ్లు వచ్చేదాకా పోటీలకు వెళ్లనివ్వలేదు తండ్రి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో తొక్కాడు. 1954 టూర్ ఆఫ్ బ్రిటన్‌లో రెండో స్థానం. మరుసటి ఏడాది హెర్క్యులిస్ సైకిళ్ల కంపెనీ జట్టు అండతో టూర్‌కు వెళ్లిన బ్రిటిష్ జట్టులో పదిమంది ఉంటే ఎనిమిదిమంది మధ్యలోనే తప్పుకున్నారు. రాబిన్సన్ 29వ స్థానంలో, టోనీ హోర్ అందరికంటే చివర పారిస్ చేరారు.

ఆ ఏడాది చివర్లో హెర్క్యులిస్ జట్టును మూసేసింది. రాబిన్సన్ యూరప్‌లోనే ఉండిపోయాడు. మా దృష్టిలో ఆయన అసలు ఘనత ఇక్కడ మొదలైంది. వెనక కంపెనీ లేదు, అక్కడి భాష సొంతం కాదు, సొంత దేశంలో ఈ ఆటకు గౌరవం లేదు. 1956లో లక్సెంబర్గ్ రైడర్లతో కలిపిన జట్టులో చార్లీ గాల్ పక్కన తొక్కి టూర్‌లో 14వ స్థానం, స్పెయిన్ టూర్‌లో 8వ స్థానం తెచ్చుకున్నాడు. 1957లో ఇటలీలో జరిగే ఒక్కరోజు పోటీ మిలాన్–సాన్ రెమోలో మూడోవాడు. టూర్‌లో ఒక్కో రోజు పందేన్ని స్టేజ్ అంటారు; 1958లో బ్రెస్ట్‌లో ముగిసిన స్టేజ్‌లో ఇటలీ రైడర్ పడోవాన్ ముందు గీత దాటాడు కానీ, చివరి స్ప్రింట్‌లో అడ్డు వచ్చాడని అంపైర్లు అతణ్ని వెనక్కి నెట్టారు. టూర్‌లో బ్రిటన్‌కు అదే తొలి స్టేజ్ గెలుపు. కాగితం మీది గెలుపు అని ఎవరైనా అనుకున్నా, మరుసటి ఏడాది ఆ మాటకు చోటు లేకుండా పోయింది. అనెసీ నుంచి షలోన్‌కు వెళ్లే స్టేజ్‌ను 20 నిమిషాల 6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఇది సెకన్లతో గెలుపోటములు తేలే ఆట.

అయితే ఆ గెలుపు వెనక ఇంకొకరు ఉన్నారు. అంతకు కొన్ని రోజుల ముందు క్లెర్మాంట్-ఫెరాండ్ వెళ్లే స్టేజ్‌లో ఒంట్లో బాగాలేక రాబిన్సన్ బాగా వెనకబడిపోయాడు. అదే జట్టులోని ఐర్లండ్ రైడర్ షే ఎలియట్ ఆయన్ని వదిలి ముందుకు పోలేదు. పక్కనే ఉండి, ధైర్యం చెబుతూ చివరిదాకా తీసుకొచ్చాడు. స్టేజ్ ముగించడానికి ఇచ్చిన గడువు దాటాకే ఇద్దరూ చేరారు. మొత్తం స్థానాల్లో మొదటి పదిలో ఉన్నవారిని గడువు మించిందని తీసెయ్యకూడదన్న నిబంధన ఒకటుంది. రాబిన్సన్ ఆ రోజు పొద్దున తొమ్మిదో స్థానంలో ఉన్నాడు కాబట్టి జట్టు మేనేజర్ దాన్ని ఎత్తిచూపి ఆయన్ని పోటీలో నిలిపాడు. ఎలియట్‌ను ఇంటికి పంపేశారు. నిబంధన ప్రకారం అంతా సరే. కానీ సాటివాడి కోసం ఆగినవాడికి పడిన శిక్ష అది. షలోన్ గెలుపు గురించి చెప్పే ప్రతిసారీ ఎలియట్ పేరు కూడా చెప్పడం ఆటకున్న బాధ్యత. నాలుగేళ్ల తర్వాత అతను టూర్‌లో మొత్తం మీద ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీ తొడుక్కున్న తొలి ఐరిష్ రైడర్ అయ్యాడు.

1961లో రాబిన్సన్ దోఫినే లిబెరే మొత్తం పోటీని గెలిచాడు. ఫ్రాన్స్ కొండల్లో వారానికి పైగా సాగే ఆ పోటీని స్టేజ్ గెలుపుల కంటే పైనే ఉంచాలి. మరో బ్రిటిష్ రైడర్ దాన్ని గెలవడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. 1961 గెలుపు తర్వాత కొద్దికాలానికే రాబిన్సన్ పోటీలు మానేసి, తన సొంత ప్రాంతం యార్క్‌షైర్‌కు వెళ్లి మళ్లీ ఇళ్లు కట్టే పనిలో పడ్డాడు. అప్పటికే టామ్ సింప్సన్ లాంటి కుర్రాళ్లు ఆయన వెళ్లిన దారినే ఫ్రాన్స్ చేరారు. 1962లో పసుపు జెర్సీ తొడుక్కున్న తొలి బ్రిటిష్ రైడర్ సింప్సనే. రాబిన్సన్ 2022 అక్టోబరులో 91 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2014లో టూర్ లీడ్స్ నుంచి బయల్దేరినప్పుడు సొంత జిల్లాలో ఆయన్ని గౌరవించారు. అది సంతోషం.

2027లో గౌరవించాల్సినవారి జాబితా ఇంకాస్త పెద్దదిగా ఉండాలి. రాబిన్సన్ పక్కన ఎలియట్‌నూ, నిషేధాన్ని ధిక్కరించి పోటీ పెట్టిన స్టాలార్డ్‌నూ నిలపాలి. లాంగోలెన్–వుల్వర్‌హాంప్టన్ పోటీ పెట్టినందుకు ఆయన్ని శిక్షించిన యూనియన్, 1959 విలీనంతో ఇప్పటి బ్రిటిష్ సైక్లింగ్‌లోనే కలిసింది. ఆ తప్పును తప్పని నిర్మొహమాటంగా, బహిరంగంగా చెప్పడానికి ఆ సంస్థకు ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.