సర్వరుకు ముహూర్తం పెట్టేదెవరు?

బెంగళూరులో మనవాళ్ల గృహప్రవేశం చూశారుగా. సర్జాపూర్ రోడ్డులో పధ్నాలుగో అంతస్తు, తెల్లవారుజామున 4:17కి లగ్నం. 4:19కి పాలు పొంగితే సిద్ధాంతిగారు ఒప్పుకోరు. ఇంత నిష్ఠ గల ఆ ఇంటి యజమాని సోమవారం ఆఫీసుకెళ్లి సర్వరు టైము ఎలా సరిచేస్తాడనుకున్నారు? జేబులోంచి ఫోను తీసి, ఓ చూపు చూసి, 'డేట్' కమాండు కొట్టి కాఫీకి వెళతాడు.

స్టూలెక్కి గోడ గడియారం ముల్లు తిప్పిన తాతల వారసత్వమిది, కించపరచకూడదు. కాకపోతే సర్వరులో ఉన్నది చవక క్వార్ట్జు ముక్క. పది లక్షల్లో 50 వంతులు తేడా కొట్టిందంటే రోజుకు 4.3 సెకన్లు, నెలకు రెండు నిమిషాల పైచిలుకు. దాన్ని ఎప్పటికప్పుడు సవరించడానికే కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ 1985లో ఎన్‌టీపీని, అంటే నెట్‌వర్క్ మీదుగా గడియారాలను కలిపే పద్ధతిని, రాసిపెట్టాడు. మనకు మాత్రం ఇప్పటికీ ఫోనే దిక్కు.

దీని ఫలం అర్ధరాత్రి, సర్వర్లు మొరాయిస్తే అందరూ గుమిగూడే వార్‌రూములో దక్కుతుంది. పేమెంట్లు ఆగిపోయాయి. మూడు సర్వర్ల లాగ్‌లు, అంటే ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టాలు, ఒకే తెర మీద పరిచారు. జవాబు 11:52కి వచ్చింది, ప్రశ్న 11:58కి వెళ్లింది. డబ్బు వాపసయ్యాక కొనుగోలు జరిగింది. బారసాల అయ్యాక పెళ్లిచూపులన్నమాట. "నెట్‌వర్కే సార్" అన్నాడు డేటాబేసు వాడు. "డేటాబేసే సార్" అన్నాడు నెట్‌వర్క్ వాడు. గుంటూరు నుంచి కాల్‌లో ఉన్న కుర్రాడు "అన్నా, ఆ రెండో దాని టైము ఒకసారి చూడవా" అంటే అతన్ని మ్యూట్‌లో పెట్టారు. మూడో సర్వరేమో ఇంకా సాయంత్రం 6:25 దగ్గరే ఉంది. అది యూటీసీ, ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం, అందులో తప్పేం లేదు. లాగ్‌లో ఆ ముక్క రాయకపోవడమే తప్పు. మన కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టే దేశమంతా దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. వార్‌రూములో ఉన్న కాకినాడ వాడే ఒకడు, టైమ్‌జోన్ సంగతి తోచక, ఫోను చూసి ఆ మూడో సర్వరు గడియారాన్నే ఐదున్నర గంటలు ముందుకు తిప్పాడు. లాగిన్ టోకెన్లన్నిటికీ ఒక్కసారిగా గడువు తీరింది. ఐదు నిమిషాల తేడా దాటితే తలుపు తీయని కెర్బెరోస్ అనే లాగిన్ కాపలాదారు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు, మేనేజరుతో సహా.

పోనీ, అంత బ్రహ్మవిద్యా? ఎన్‌టీపీతో టైము కలిపే క్రోనీ అనే ప్రోగ్రాము వేసి, అదే పని చేసే పాత ఎన్‌టీపీడీ, టైమ్‌సింక్‌డీ ఉంటే ఆపేయాలి, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. కాన్ఫిగ్ ఫైల్లో టైము అడిగేందుకు నాలుగు సోర్సులు, ఒక్కోదాని చివర మొదట్లో త్వరగా టైము కలపమనే 'ఐబర్స్ట్'. రెండే పెడితే ఏది అబద్ధమాడుతోందో తేలదు. మూడు పెడితే ఒకటి పడుకున్న రోజు మళ్లీ రెండే. 'మేక్‌స్టెప్ 1.0 3' అంటే, తేడా సెకను దాటితే మొదటి మూడు సవరణల్లోనే గెంతు, ఆపైన మెల్లగా సర్దుకోవడమే. ఆ 3 బదులు -1, అంటే ఎప్పుడైనా గెంతొచ్చని, పెట్టే మహానుభావులున్నారు. ఎప్పుడో నడిరాత్రి గడియారం వెనక్కి గెంతుతుంది, ఇందాక రాసిన రికార్డులు భవిష్యత్తులోకి వెళ్లిపోతాయి.

ఇక ఆడిట్ భాగవతం. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ, దేశ ప్రామాణిక సమయాన్ని చూసే ఎన్‌పీఎల్ సర్వర్లతోగానీ, వాటితో ముడిపడ్డ సర్వర్లతోగానీ టైము కలపాలని 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. మనవాళ్లు 'యాక్టివ్, రన్నింగ్' అని పచ్చగా వెలిగే స్క్రీన్‌షాట్ పంపేశారు. సర్వీసు బతికుందని అర్థం, అంతే. సోర్సులు పలుకుతున్నాయో లేదో చెప్పే 'క్రోనీసీ సోర్సెస్' కమాండు కొట్టండి: నాలుగు వరసల్లోనూ ప్రశ్నార్థకం, జవాబుల లెక్క చూపే రీచ్ 0. గత ఎనిమిది పలకరింపులకూ జవాబొస్తే అక్కడ 377 కనబడాలి. ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ దారి యూడీపీ 123 మూసి కూర్చుంటే ఎవరు పలుకుతారు?

సర్వర్ల సంగతి సరే, గేటు దగ్గరి వేలిముద్రల మిషనుదీ ఇదే పంచాంగం. ఎవరో చేత్తో పెట్టిన టైము, ఎనిమిది నిమిషాలు ముందుంది. హిందూపురం నుంచొచ్చిన హౌస్‌కీపింగ్ అక్క 8:55కి వేలు పెడితే 9:03 పడుతుంది. అరరోజు కూలి కోత. పదిన్నరకొచ్చిన ఇంజినీరుకు ట్రాఫిక్ ఉంది, ఆమెకు లేదు. పైగా "మిషను అబద్ధం చెప్పదమ్మా" అని నీతులు. సిగ్గులేదూ? మిషను అబద్ధమే చెబుతోంది, రోజూ చెబుతోంది, చెప్పమన్నది మీరే! దాని సెట్టింగుల్లో ఎన్‌టీపీ సర్వర్ అని ఓ గడి ఉంది, కొన్ననాటి నుంచీ ఖాళీ. కోసిన డబ్బులేవని ఆమె అడిగితే, ఐటీకి టికెట్ వేయమన్నారు.

హౌస్‌కీపింగ్‌కు లాగిన్ ఇవ్వరు.